ఆదివారం చూసిన ఇల్లు

వంతెన మీద బస్సు ఆగిపోయి పావుగంటయింది. ముందు లారీలు, వెనక లారీలు. చిన్నకోడలు పైకడ్డీ పట్టుకుని వేలాడుతూ, కూర్చున్న ఒకాయన చేతి గడియారంలోకి తొంగిచూసింది. ఆరు దాటి ఐదు నిమిషాలు. ఆరింటికల్లా ఆమె ఆస్పత్రి లాండ్రీలో వేడి రోలరు ముందు నిలబడి ఉండాలి.

“ఇంకెంతసేపండీ?” అంది కండక్టరుతో.

“లారీలనడగాలమ్మా. తెల్లారేదాకా ఈ రోడ్డు మీద వాటిదే రాజ్యం.”

“మొన్న ఆదివారం ముప్పావుగంటలో వచ్చేసిందే!”

కండక్టరు నవ్వాడు. చుట్టుపక్కల నిలబడ్డవాళ్ళూ నవ్వారు. “ఆదివారం నేనూ రాజునే తల్లీ,” అన్నాడు గడియారం ఆయన, కళ్ళు తెరవకుండానే.

ఆమె పరుగెత్తుకుంటూ లాండ్రీలోకి వెళ్ళేసరికి ఆరూ ముప్పై అయిదయింది.

రోలరు దగ్గర పని జోడీ పని. ఉతికి పిండిన దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెండు మూలలూ పట్టుకుని, లాగి, ముడత లేకుండా రోలరు నోటికి అందించాలి. ఒక్కరితో అయ్యేది కాదు. ఒకరు రాకపోతే రెండోవారు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆరుంబావు దాటితే సూపర్‌వైజరు జోడీ మొత్తానికి సగం రోజు కొట్టేస్తాడు. రోజుకి ఐదు వందలు కూలి. ఆ ఉదయం ఆమెది రెండు వందల యాభై పోయింది. ఏ పాపమూ ఎరగని కళ్ళద్దాలావిడదీ రెండు వందల యాభై పోయింది.

కళ్ళద్దాలావిడ ఆమె జోడీ. ఇరవై ఏళ్ళుగా ఆ ఆవిరిలోనే బతుకుతోంది. నిమిషానికోసారి అద్దాలు తుడుచుకోవడం, తుడుచుకుంటూ ఏదో ఒకటి అనడం ఆవిడ అలవాటు.

“ఏమ్మా, మా ఇంట్లో డబ్బులు చెట్టుకి కాస్తున్నాయని నీకెవరైనా చెప్పారా?”

“తప్పయిపోయింది పిన్నీ. రాత్రి మా తోడికోడలి ఇంట్లో పడుకున్నాం. అక్కడే ఇల్లు తీసుకుంటున్నాం కదా, పనిరోజు ఎలా ఉంటుందో చూద్దామని.”

“చూశావుగా?”

“అక్కడికి మారాక ఇంకా ముందు బయల్దేరతాను.”

“నువ్వెక్కింది మొదటి బస్సేనా?”

“అవును.”

“మొదటి బస్సుకన్నా ముందు ఏమెక్కుతావు? ముందురోజు రాత్రి బస్సా?” కళ్ళద్దాలావిడ దుప్పటి మూలలు అందుకుంది. “మా వరసలో గది ఉందంటే ముక్కు చిట్లించావు. నడిచొస్తే పన్నెండు నిమిషాలు. పట్టు, పట్టు. వంకర పోతోంది.”

చిన్నకోడలు తన మూలలు లాగి సరిచేసింది. ముక్కు చిట్లించిన మాట నిజమే.

వాళ్ళ ఊళ్ళో మిల్లు మూతపడ్డాక నెల కిందట మొగుడూ పెళ్ళాం ఈ మహానగరానికి వచ్చారు. అతనికి వెల్డింగు షాపులో పని దొరికింది, ఆమెకి లాండ్రీలో. కొత్తగా చేరినవాళ్ళకి లాండ్రీ వెనక ఒక గది ఇస్తారు, నెలరోజులకి మాత్రమే. శనివారంతో గడువైపోతుంది. ఈలోగా మూడు ఆదివారాలు తిరిగి రెండు చోట్లు చూశారు. ఒకటి కళ్ళద్దాలావిడ ఉండే రైలుపట్టాల పక్క వరస. ఒక్కటే గది, నాలుగిళ్ళకీ కలిపి ఒక కుళాయి, అద్దె ఐదు వేలు. రెండోది నగరం అంచున కొత్త కాలనీ. రెండు గదులు, బాల్కనీ, గచ్చు మీద తెల్లటి పలకలు. అద్దె ఐదున్నర వేలు, మూడు నెలల అడ్వాన్సు. పైగా తోడికోడలి ఇంటికి ఎదురుమేడ.

“నాకెక్కడైనా ఒకటే. పడుకోవడానికేగా,” అన్నాడు వెల్డరు. అతనికి షాపు తొమ్మిదింటికి తెరుస్తారు.

ఆమెకి మాత్రం ఒకటి కాదు. పెళ్ళై వచ్చిన నాటినుంచీ ఆమె చూస్తూనే ఉంది. ఇంట్లో ఏ మంచి వస్తువైనా ముందు పెద్దకోడలి దగ్గరికే నడిచి వెళ్ళేది. మిక్సీ ముందు ఆవిడకే. మంచం ముందు ఆవిడకే. మహానగరానికి ముందు వెళ్ళిందీ ఆవిడే. తన వంతు వచ్చేసరికి ఆ వస్తువు పాతదైపోయేది, లేదా ధర పెరిగిపోయేది. ఆవిడ చెడ్డది కాదు. చెడ్డదైతే బాగుండేది, తిట్టుకోవడానికి ఉండేది. ఆదివారం ఆవిడ ఫ్రిజ్ తెరిచి, లోపలి లైటు వెలుగులో నిలబడి, “చల్లటి నీళ్ళు తాగు చెల్లీ, అలిసిపోయావు,” అంటే, చిన్నకోడలు గ్లాసు పట్టుకుని ఆ లైటునే చూస్తూ నిలబడింది. ఆవిడ బాల్కనీలో బట్టలు గాలికి ఎగురుతుంటే, తన బట్టలు ఎదురు బాల్కనీలో అంతకన్నా ఎత్తుగా ఎగరడం చూసుకుంది చిన్నకోడలు. ఆ క్షణంలోనే ఇల్లు ఖాయమైపోయింది. బస్సు సంగతి ఆ తరవాత మాట. అదీ ఆదివారం బస్సు.

సాయంత్రం అడ్వాన్సు ఇవ్వాలి. మధ్యాహ్నం వెల్డరు షాపునుంచి సెలవు పెట్టి వచ్చాడు. సగం రోజు పోయిన సంగతి ఆమె అతనికి చెప్పలేదు. చెబితే ‘మరెందుకులే’ అంటాడని భయం. బస్సులో అతని పక్కన కూర్చుని మనసులో లెక్క వేసుకుంటూనే ఉంది. నెలలో నాలుగుసార్లు ఆలస్యమైతే? ఎనిమిదిసార్లైతే? జోడీ మార్చమని కళ్ళద్దాలావిడ అడిగితే? ఎటు వేసినా లెక్క తప్పుతోంది. అయినా బస్సు దిగలేదు.

పెద్దకోడలి ఇల్లు రెండో అంతస్తు. మెట్ల దగ్గరే చెప్పులు, ఏడెనిమిది జతలు. లోపల ముందుగదిలో ఆడవాళ్ళు గోడకి ఆనుకుని వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక సంచి. పెద్దకోడలు మధ్యలో పీటేసుకుని, గుండీలు కుట్టిన అట్టకార్డులు ఒక్కొక్కటీ తిప్పి చూస్తోంది.

“రా చెల్లీ! మరిదీ, ఆ కుర్చీ లాక్కో. ఎదురుమేడ ఇంటాయన కింద కూర్చునే ఉన్నాడు, రెండు నిమిషాల్లో వెళ్దాం.” మళ్ళీ ఎదురుగా ఉన్న ఆవిడ వైపు తిరిగింది. “ఇదిగో, ఈ కార్డుకి ఐదే ఉన్నాయి. ఆరుండాలి. దీన్నేం చేసుకోమంటావు, ఫ్రేము కట్టించుకోనా?”

ఆవిడ సిగ్గుపడుతూ నవ్వింది. “రాత్రి కుట్టానమ్మా, కనబళ్ళా.”

“కంపెనీవాడికి కనబడుతుందిగా!”

వంద కార్డులు కుడితే అరవై రూపాయలు. పొద్దున్నించి సాయంత్రం దాకా వంచిన తల ఎత్తకపోతే వంద అవుతాయి. కంపెనీ వాన్ వారానికి రెండుసార్లు వచ్చి సరుకు పడేసి పోతుంది. కాలనీలో కుట్టే ప్రతి వందకీ పెద్దకోడలికి పది.

అందరూ వెళ్ళాక పెద్దకోడలు మూలనున్న కొత్త మూట ముందుకి జరిపింది. “ఇది నీది. నీ పేరు రాయించేశాను. ఈ మూట కోసం ముగ్గురు ఎగబడ్డారు తెలుసా? మా చెల్లెలొస్తోందని దాచిపెట్టా.”

“అదేమిటి వదినా, తను లాండ్రీకి వెళ్తుందిగా?” అన్నాడు వెల్డరు.

“వెళ్తుందిలే, రెండు నెలలు. మూడు నెలలు. ఇప్పుడు వెళ్ళిందే, కార్డుకి ఐదు గుండీలావిడ, బేకరీలో పనిచేసేది. పక్కనున్నావిడ స్కూల్లో ఆయా. నేను మందుల కంపెనీలో ప్యాకింగు, నీకు తెలుసుగా. ఈ కాలనీకి వచ్చాక ఎవత్తె నిలబెట్టుకుంది ఉద్యోగం? మీ అన్నయ్య ఒక్కరే వెళ్తున్నారు. తెల్లారకముందే పోతారు, రాత్రి తొమ్మిదింటికి వచ్చి బూట్లతోనే నిద్దరపోతారు. ఆయన ఈ ఇంటిని వెలుతురులో చూసేది ఆదివారమే.”

చిన్నకోడలు గొంతు సవరించుకుంది. “నువ్వు ఇల్లు చూసుకున్నదెప్పుడక్కా?”

“ఆదివారమే. పనున్నవాళ్ళకి ఇంకేరోజు కుదురుతుందే?”

“అంటే నీకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“పొద్దున బస్సు సంగతి. మూడు ఆదివారాలు వచ్చాను. మూడుసార్లూ ముప్పావుగంటేగా అన్నావు. నాతో ఒక్కమాట చెప్పలేదేం?”

పెద్దకోడలు సూది తీసి పీట అంచుకి గుచ్చింది. ఆవిడ చూపుడువేలు కొస జల్లెడలా తూట్లు పడి ఉంది. ఆ వేలితోనే ఆదివారాలు ఫ్రిజ్ తలుపు తెరిచిందన్నమాట.

“చెబితే వచ్చేదానివా?” అంది నెమ్మదిగా. “ఇక్కడ నాకెవరున్నారే? ఈ ఆడవాళ్ళు నా ముందు అమ్మా అంటారు, మెట్లు దిగాక నా పది గురించి తిట్టుకుంటారు. నీకేం? రోజూ తయారై బయటికి పోతావు. నీ పేరు రాసిన బిళ్ళ మెడలో వేసుకుంటావు. నిన్న ఆ బిళ్ళ నా అద్దం ముందు పెట్టి పడుకున్నావు. నేను వేసుకుని చూసుకున్నా.”

వెల్డరు నేల చూపులు చూశాడు. కిందనుంచి ఇంటాయన గొంతు వినిపించింది. “అమ్మా, వస్తున్నారా? నాకు పనుంది.”

వెల్డరు జేబులోంచి అడ్వాన్సు కవరు తీశాడు. చిన్నకోడలు ఆ కవరు మీద చెయ్యి వేసింది.

“ఇవ్వొద్దు.”

“మాటిచ్చాం కదే.”

“నేనిచ్చిన మాట. నేనే కాదంటున్నాను. పొద్దున నాకు సగం రోజు పోయింది. నా జోడీకీ పోయింది. నేను ఈ ఇంట్లోకి రాను, గుండీలు కుట్టను, పని మానను.”

“పట్టాల పక్క పడుకుంటావా?” పెద్దకోడలు లేచి నిలబడింది. “రైలెళ్తే గిన్నెలు గంతులేస్తాయి!”

“గంతులెయ్యనీ.”

“నా ఎదురుగా నా అంత ఇంట్లో ఉండాలని నీకు లేదూ? నా కళ్ళలోకి చూసి చెప్పు.”

“ఉంది,” అంది చిన్నకోడలు. “ఉందక్కా. ఇప్పటికీ ఉంది.”

ఇంటాయనకి చెప్పడానికి వెల్డరు కిందికి వెళ్ళాడు. ఆమె మెట్లు దిగుతూ ఎదురుమేడ వంక చూడకుండా ఉండలేకపోయింది. సాయంత్రపు ఎండలో ఆ బాల్కనీ ఖాళీగా, శుభ్రంగా, ఎవరికోసమో కడిగిపెట్టినట్టుంది. వచ్చే నెల అక్కడ ఎవత్తె బట్టలో ఎగురుతాయి. ఆ మొహం తెలియని ఆడదాని మీద కూడా ఆమెకి అప్పుడే అసూయ మొదలైంది.

ఇద్దరూ బస్సు స్టాపులో నిలబడ్డాక వెనకనుంచి చెప్పుల చప్పుడు. పెద్దకోడలు. జుట్టు ముడేసుకుంటూ వస్తోంది. తిట్టడానికే వచ్చిందనుకుంది చిన్నకోడలు. ఆవిడ తిట్టలేదు. రోడ్డు చివర బస్సు మలుపు తిరగడం చూసి దగ్గరికి జరిగింది.

“ఆ పట్టాల పక్క వరసలో,” అంది, వెల్డరుకి వినబడకుండా, “నువ్వు తీసుకునేది కాక ఇంకో గదేమైనా ఉందా?”

చిన్నకోడలు ఆవిడ మొహంలోకి చూసింది. ఉంది. ఖాళీగా రెండు గదులు, పక్కపక్కనే. ఒకదానికి కిటికీ ఉంది, రెండోదానికి లేదు. రెంటిలో దేన్నీ ఇంకా ఎవరూ మాట్లాడుకోలేదు.

బస్సు వచ్చి ఆగింది. ఆమె మెట్టెక్కి, కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

“కనుక్కుని చెబుతానక్కా,” అంది.

బస్సు కదిలింది. పెద్దకోడలు తల ఊపుతూ నాలుగడుగులు బస్సు పక్కనే నడిచి, ఆగిపోయింది.

“ఏమంటోంది వదిన?” అన్నాడు వెల్డరు.

“ఏం లేదు,” అంది ఆమె.