పాప తలనొప్పి అన్నప్పుడు

బుడంకాయకు నాలుగేళ్లు. ఆరు నెలల కిందట కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, ఛాతీ నుంచి కిందికి స్పర్శ పోయింది. చేతులు బాగానే ఆడతాయి. నోరు అంతకన్నా బాగా ఆడుతుంది.

ఆ ఉదయం థెరపీ గదిలో తల్లి దాన్ని స్టాండులో నిలబెట్టి, నడుముకూ మోకాళ్లకూ బెల్టులు బిగించింది. ఎముకలు గట్టిపడాలంటే రోజూ ఇరవై నిమిషాలు అలా నిలబడాలి. ఎదురుగా థెరపిస్టు దిమ్మెలు అందిస్తుంటే పాప మేడ కడుతోంది.

కాసేపటికి, "అమ్మా, తలనొప్పి" అంది.

"మొన్న కడుపునొప్పి, నిన్న చెవినొప్పి. రోజుకో సాకు నీకు. ఇంకొంచెంసేపే, మా తల్లి కదూ."

"ఇది నిజం నొప్పే."

చేతిలో దిమ్మె జారిపడింది. థెరపిస్టు తలెత్తి చూసింది. పాప ముఖం కందగడ్డలా ఉంది, నుదుటి నిండా చెమట. కాళ్లు పట్టుకుంటే చల్లగా తగిలాయి.

"అక్కా, సాకు కాదు. బెల్టులు విప్పండి."

పాపను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టారు. నర్సు పరుగున వచ్చి బీపీ చూసి, బాగా పెరిగిందని డాక్టరుకు ఫోన్ చేసింది.

"కింద ఎక్కడో ఏదో ఇబ్బంది పెడుతోంది. పాపకు తెలీదు గానీ ఒంటికి తెలుస్తోంది. వెంటనే పట్టుకోకపోతే మెదడుకే ప్రమాదం" అంటూనే థెరపిస్టు బూట్లు లాగేసింది, మేజోళ్లు తీసింది. ఏమీ లేదు. తల్లి పాప గౌను పైకెత్తేసరికి మూత్రం పోయే గొట్టం మెలిపడి, బెల్టు నొక్కిన చోట అతుక్కుపోయి కనిపించింది. గొట్టం చివరనున్న సంచి ఖాళీగా ఉంది.

మెలిక విప్పగానే సంచి నిండసాగింది. నర్సు రెండు నిమిషాలకోసారి బీపీ చూస్తూ కూర్చుంది. నాలుగోసారికి అది మామూలుకు దిగాక గాని ఊపిరి పీల్చుకోలేదు ఎవరూ.

"నా చేత్తో నేనే బిగించాను. పైగా సాకులన్నాను" అంది తల్లి.

"బిగించేముందు గొట్టం చూడమని నేను చెప్పి ఉండాల్సింది. తప్పు నాది" అంది థెరపిస్టు.

తల్లి కళ్లు తుడుచుకుంది. "సరే, ఇప్పుడు చెప్పండి. మొదట్నుంచీ."

ఆ సాయంత్రమే భర్తకూ అత్తగారికీ అన్నీ చేసి చూపించింది. ఏడాదిలో మరో రెండుసార్లు పాప తలనొప్పంది. రెండుసార్లూ ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. ముందు గొట్టం చూశారు.