లక్ష్మణమ్మకు చోటు

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పుస్తకం ఒక్క పేజీ రాయకుండా నేను ఫోన్‌లో రాసుకునే యాప్‌లు మారుస్తుంటే మా ఆయన గిరిబాబు అన్న మాట ఇది. ఒళ్లు మండింది గానీ, నిజం కాబట్టి ఊరుకున్నాను.

రాజాంలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పే నేను, పొందూరు నూలు మీద పుస్తకం రాయాలనుకున్నాను. విషయమంతా చెప్పేది మా పెద్దమ్మ జగ్గమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, అరవై ఏళ్లుగా నూలు వడుకుతోంది. ఒక్కటే షరతు పెట్టింది.

"లక్ష్మణమ్మ పేరు పుస్తకంలో ఉండాల. నేకపోతే నాను సెప్పను."

లక్ష్మణమ్మ చేపలమ్మేది. పెద్దమ్మకు ప్రాణస్నేహితురాలు. పోయిన ఏడాదే చనిపోయింది. సరేనని మాటిచ్చాను.

చివరికి రెండు యాప్‌లు మిగిలాయి. ఒకటి శీర్షిక, దాని కింద ఉపశీర్షిక అంటూ మెట్లు కట్టేది. రెండోది చీటీల యాప్. తోచింది తోచినట్టు రాసి, ఏ చీటీకి ఏ చీటీతో సంబంధమో కలుపుకోవచ్చు. పంతులమ్మ బుద్ధి కదా, మొదటిదే పట్టుకున్నాను. పత్తి, దూది, నూలు, బట్ట... ముచ్చటగా కుదిరాయి. లక్ష్మణమ్మ మాత్రం ఏ మెట్టు మీదా ఇమడలేదు. చివర్లో 'ఇతరాలు' అని పెట్టి అందులో పడేశాను. తర్వాత అదొక్కటే అతుకులా కనిపించి, తీసేశాను.

ఆదివారం పొందూరు వెళ్లి పెద్దమ్మకు చదివి వినిపించాను. రాట్నం ఆపి అంతా వింది.

"మొదటి పనేటి రాసినావు?"

"పత్తి దువ్వడం."

"దేంతోటి దువ్వుతారే?"

"వాలుగ చేప దవడతో."

"ఆ దవడ నాకెవలు తెచ్చీవోలు?"

పెద్దమ్మ డబ్బాలోంచి పళ్లు అరిగిపోయిన దవడ తీసి నా చేతిలో పెట్టింది. వాలుగ కొన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, తల పారేయొద్దని చెప్పి, సన్న పళ్లున్న దవడలు ఏరి, ఎండబెట్టి తెచ్చేది లక్ష్మణమ్మ. ఈ సంగతి పెద్దమ్మ నాకు ముందే చెప్పింది. ఆడవాళ్ల కబుర్లనుకుని వదిలేశాను. నేనూ ఆడదాన్నే. సిగ్గేసింది.

"ఇదే ఆకర్ది. అది పోయినాక మల్లీ ఎవలూ తేనేదు," అంది పెద్దమ్మ. తిట్టినా బాగుండేది.

ఆవిడ మాటలన్నీ ఫోన్‌లో రికార్డు చేసి ఉంచాను కాబట్టి బతికిపోయాను. మెట్లన్నీ విప్పేసి, ఆవిడ చెప్పిన వరసలోనే చీటీలు రాశాను. వారం పట్టింది. నూట పన్నెండు అయ్యాయి. పురుడు, తుఫాను, తెగిన దారం, పంటి నొప్పి, చేప పులుసు. ఒకదానికొకటి కలుపుతూ పోతే నలభై మూడు చీటీలు ఒకే చీటీ దగ్గరకు చేరాయి.

మళ్లీ ఆదివారం ఫోన్ పెద్దమ్మ చేతికిచ్చాను. తెర నిండా చుక్కలు, గీతలు; చీటీకో చుక్క, సంబంధానికో గీత. కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"మద్దెనున్న పెద్ద సుక్కేటే?"

"లక్ష్మణమ్మ."

చాలాసేపు ఆ చుక్క మీద వేలు పెట్టి ఉంచింది.

"మరి రోజూ వచ్చీది కదే," అంది. ఆ పూట మళ్లీ రాట్నం తిప్పలేదు.