అడ్డసరం కాని ఆకు

శనివారం, పిల్లలకు సెలవు. పొద్దున పదకొండింటికి బడి లైబ్రరీలో ఫోను మోగింది. గోడకు చార్టులు తగిలిస్తున్న లైబ్రరీ మేడం పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులు తీసి ఫోనెత్తింది.

"మేడం, నేను, పిచ్చుకని."

ఏడో తరగతిలో గుప్పెడంత పిల్ల. నోరు ఊరుకోదని బడంతా ఆ పేరుతోనే పిలుస్తారు.

"అమ్మమ్మ కక్కుతూనే ఉంది మేడం. అన్నీ పసుపుపచ్చగా కనబడుతున్నాయంటోంది. అమ్మ ఫోన్ ఎత్తట్లేదు. అంబులెన్సుకి చెప్పాను, వస్తోంది."

"ఏం తిన్నారమ్మా?"

"తినలేదు. దగ్గు తగ్గాలని నేనే కషాయం కాచిచ్చాను. నా చార్టులో ఆకుంది కదా, అదే. మా ఫ్లాట్ల వెనక గోడవార బోలెడుంది. ఇంట్లో ఉన్న బొమ్మ కాపీ పక్కన పెట్టుకుని చూసే కోశాను మేడం. నిన్న రెండుసార్లు, ఇవాళ ఒకసారి. నేను చేశానని గ్లాసు మొత్తం తాగేసింది."

అంబులెన్సు ఏ ఆసుపత్రికి తీసుకెళ్తుందో అడిగి మేడం ఫోను పెట్టేసింది.

ఆ బొమ్మ సంగతి ఆమెకు తెలుసు. భారతీయ సంప్రదాయ వైద్యం మీద ముప్పైరెండు మంది పిల్లలు ప్రాజెక్టులు చేశారు. దగ్గుకు మందుగా వాడే అడ్డసరం మొక్క పిచ్చుక వంతుకొచ్చింది. మొదట ఏదో మందుల కంపెనీ సైటు నుంచి ఆకూ పువ్వూ స్పష్టంగా ఉన్న బొమ్మ తెచ్చింది. మేడం ఎర్ర పెన్సిలుతో దాన్ని కొట్టేసింది. అడక్కుండా ఫొటో వాడుకున్నారని కిందటేడు ఒక ఫొటోగ్రాఫరు బడికి ఘాటుగా ఉత్తరం రాశాడు. అప్పట్నుంచి మేడం పట్టుదల ఒకటే: "ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సు ఉన్న బొమ్మే నా గోడెక్కుతుంది."

పిల్ల నాలుగు రోజులు లైబ్రరీ కంప్యూటరు ముందు కూర్చుంది. చివరికి ఒకటి దొరికింది. పువ్వు లేదు, ఆకులే. కింద అడ్డసరం అని పేరు. మేడం లైసెన్సు చూసింది, ఫొటో తీసినవాళ్ళ పేరు రాసిందో లేదో చూసింది, శెభాష్ అంది. ఆకు వంక చూడలేదు. చూసినా తెలిసేది కాదు. అడ్డసరం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

గోడ మీది చార్టు లాగితే ఒక మూల చిరిగి గోడకే ఉండిపోయింది. మిగిలినదాన్ని చుట్టచుట్టి ట్యాక్సీ ఎక్కింది.

ఆసుపత్రి వరండాలో పిచ్చుక చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. లోపలినుంచి డాక్టరమ్మ వచ్చింది.

"గుండె నిమిషానికి ముప్పై ఎనిమిదిసార్లే కొట్టుకుంటోంది. ఏం తాగించారు?"

"అడ్డసరం" అంది పిచ్చుక.

"అడ్డసరం ఇంత పని చెయ్యదే. ఆకు ఉందా?"

"ఉడికించి పారేశాను."

మేడం చార్టు విప్పింది. డాక్టరమ్మ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి తల అడ్డంగా ఊపింది. "నేను చెట్ల డాక్టర్ని కాదండీ. ఇదేంటో తెలియకుండా మందు గుడ్డిగా ఇవ్వలేను."

బొమ్మ కింద చీమ తలకాయలంత అక్షరాల్లో పేజీ చిరునామా ఉంది. మేడం దాన్ని ఫోన్లో కొట్టింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి పేజీ తెరుచుకుంది. ఆమె ఎప్పుడూ లైసెన్సు గడి దాటి కిందికి పోలేదు. ఇప్పుడు పోయింది. అట్టడుగున మూడేళ్ళ కిందట ఎవరో రాశారు: 'ఇది అడ్డసరం కాదు. గుండెకు ప్రమాదం. దయచేసి పేరు మార్చండి.' పక్కన నోరు తిరగని శాస్త్రీయ నామం. ఆ మాటకు ఒక్కరూ జవాబివ్వలేదు.

డాక్టరమ్మ ఫోను లాక్కుని చదివింది. "దీనికి విరుగుడుంది. మా దగ్గర లేదు, తెప్పించాలి" అంటూ పరుగెత్తింది.

"నేనే చంపేస్తున్నానా మేడం?"

"నువ్వు కాదమ్మా. నువ్వు కాదు." మేడం ఆ పిల్లను బల్ల మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది.

పన్నెండున్నరకు తల్లి వచ్చింది. లాండ్రీలో పని, షిఫ్టు అయ్యేదాకా ఫోను బీరువాలో పెట్టాలి. మేడం ఏదీ దాచకుండా చెప్పింది.

"మంచి బొమ్మ తెస్తే మీరే కొట్టేశారా?"

"కొట్టేశాను."

"ఇంకోటి పెట్టించారు. అదేం ఆకో చూసుకోలేదా?"

"లేదండీ."

"వెళ్ళిపోండి. నా నోటివెంట ఇంకేమైనా రాకముందే వెళ్ళిపోండి."

మేడం మెట్ల దాకా వెళ్ళి అక్కడే కూలబడింది. ఎవరైనా లోపలినుంచి బయటికొస్తే చాలు, లేచి నిలబడేది. రెండుంపావుకు ఒకతను మందు పెట్టె పట్టుకుని ఆమెను దాటి పరుగున వెళ్ళాడు. ఇంకో గంట కూర్చుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. లేచి బడికి వెళ్ళింది.

మిగిలిన ముప్పై ఒక్క చార్టులూ దింపేసింది. హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి లబోదిబోమన్నాడు.

"సోమవారం చార్టులు చూడ్డానికి అధికారులొస్తున్నారమ్మా! ఏం చూపిస్తాం వాళ్ళకి?"

"గోడ చూసి వెళ్తారు సార్. వీటిలో ఏ ఆకు ఏదో మీకు తెలుసా? నాకూ తెలీదు. తెలిసినవాళ్ళు చూసేదాకా ఒక్కటి కూడా ఎక్కదు."

తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, ఆ బొమ్మ పేరు మార్చమని సైటువాళ్ళకు రాసింది. ఏం జరిగిందో కూడా రాసింది.

చీకటి పడే వేళకు ఫోను మోగింది. పిచ్చుక తల్లి.

"గుండె కొట్టుకోవడం అరవై దాటిందట. అమ్మ మంచినీళ్ళడిగింది."

మేడం కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"మీ మీద కోపం మాత్రం పోలేదు."

"పోనక్కర్లేదండీ."

"రేపు నాకు డ్యూటీ ఉంది. పిల్ల ఆసుపత్రిలో ఒక్కతే ఉండలేదు, భయపడుతోంది. మీరు వస్తారా?"

"వస్తాను. ఎన్నింటికి?"

"ఏడింటికల్లా రండి" అని ఆవిడ ఫోను పెట్టేసింది.