లోటాడు మజ్జిగ

అంజినప్ప పోయి పన్నెండు దినాలైంది. పదమూడో దినం పొద్దున సోమేనహళ్ళి పటేలు వెంకటరామప్ప జనన మరణాల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అంజినప్ప పెండ్లాం రామలక్ష్మమ్మ గడప పక్కన గోడకానుకుని కూర్చుంది.

"పేరూ వయసూ రాసినానమ్మా. దేనితో పోయినాడో రాసే గడి ఒకటి ఉండాది."

"నేను తాపిన మజ్జిగతో పోయినాడని రాయి పటేలప్పా."

పటేలు కలం ఆపినాడు.

ఏడేండ్ల కిందట అంజినప్పకు కుడిచేతి వేలొకటి వణకడం మొదలైంది. తర్వాత చెయ్యి, కాలు, చివరికి మాట. "రాట్నం కొనియ్యలేదని సాధిస్తివే, ఇదిగో తిరుగుతాండాది" అని ఆ చెయ్యే చూపించి నవ్వించేవాడు. సంగటి ముద్దను నమలకుండా మింగే మనిషికి గొంతు మొరాయించింది. నీళ్ళంబలి తాపమని ఊరంతా చెప్పినారు. తాపితే ఊపిరాడక దగ్గినాడు. పలచనివే దారి తప్పుతాయి, గట్టివే పెట్టమన్నాడు బాగేపల్లి డాక్టరు. అప్పటినుంచి ఆమె సంగటిని చారుతో మెత్తగా పిసికి, రేగుపండంత ఉండలు చేసి, ఒకటి దిగినాకే ఇంకొకటి పెట్టేది. అట్ల రెండేండ్లు.

మొన్న ఎండలకు ఆయన మజ్జిగ అడిగినాడు. నోట మాట లేదు, కళ్ళతోనే కుండ చూపించినాడు. చూడలేక లోటాడు తాపింది. మూడోనాటికి రొమ్ములో గురగుర, జ్వరం. ఆయన పోయినాక ఆమె కవ్వం ముట్టలేదు.

"గట్టివే పెట్టమన్న దినం మీ వెంట డాక్టరు దగ్గరికి వచ్చింది నేనే కదమ్మా. నిన్ను బండి దగ్గరికి పంపి నాతో ఇంకో మాట చెప్పినాడు. ఈ వణుకు తనంతట తాను చంపదంట. మింగేది మరిపిస్తాది. ఎవరెంత చూసుకున్నా, కడకు తన ఉమ్మైనా సరే, ఒకనాడు ఊపిరితిత్తుల్లోకి దిగుతాదంట. ఆర్నెల్లు దాటితే గొప్ప అన్నాడు. నువ్వు రెండేండ్లు దాటిస్తివి."

"నాకు చెప్పకపోతివే అప్పా."

"చెబితే పెట్టే చెయ్యి కూడా వణుకుతాదని."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పటేలు రాసి చదివినాడు. "వణుకు జబ్బు. ఏడేండ్లు."

"మజ్జిగ?"

"అంత చోటు లేదమ్మా ఈ గడిలో."

ఆమె లేచి లోపలికి పోయింది. కవ్వం తిరిగిన చప్పుడు వినిపించింది. లోటా తెచ్చి పటేలు ముందు పెట్టి, ఆయన గొంతు వైపే చూస్తా నిలబడింది.

"మెల్లగా తాగప్పా."

నా గొంతుకేమైందని నవ్వబోయి, ఆమె మొగం చూసి, పటేలు గుక్క గుక్కకూ ఆగి తాగినాడు.