విడుదల గడి

మా ఆయన చేతిరాత ఆయనకే అర్థం కాదు. డిగ్రీ చదివి కూరలు తరుగుతున్న మనిషి ఇంట్లో ఉండగా ఇంకొకరెందుకని, ఆయన ఆఫీసు రిజిస్టరు శుభ్రంగా ఎత్తి రాసే పని నా నెత్తిన పెట్టారు.

గచ్చు తుడిచే మందులు, షాంపూలు బజారుకి రాకముందు వీళ్ళ ల్యాబులో కుందేళ్ళ కళ్ళలో వేసి చూస్తారు. ఒక కంట్లో చుక్కలు. రెండోది పోల్చుకోడానికి వదిలేస్తారు. రిజిస్టరులో నంబరు, ఎరుపు ఎంత, వాపు ఎంత. చివరి గడిలో "విడుదల", తేదీ. పద్నాలుగో నంబరుకి ఎరుపు మూడు, వాపు నాలుగు, అంటే ఆ కన్ను పోయినట్టే. విడుదల శుక్రవారం.

"విడుదలయ్యాక వాటిని ఎవరికిస్తారండీ?" అన్నాను.

ఆయన వంగి బూట్ల లేసులు కట్టుకుంటూ, "ఎక్కడికో అక్కడికి పోతాయిలే" అన్నారు.

పదేళ్ళు కాపురం చేసి కూడా ఆ "లే" ఏం దాస్తోందో నా చెవికి అందలేదు.

మా పాపకి ఆరేళ్ళు. కుందేలు కావాలని ఏడాదిగా ప్రాణం తీస్తోంది. "ఒకటుంది గానీ, దానికి ఒక కన్ను కనిపించదే, పర్లేదా?" అన్నాను.

"నేను రెండో కన్ను వైపు కూర్చుంటా" అంది.

శుక్రవారం కూరల బుట్టలో పాత చీర ముక్క పరిచి, ల్యాబు గేటు దగ్గరికి వెళ్ళాను.

"ఏం కావాలమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

"పద్నాలుగో నంబరు. ఇవాళ విడుదల కదా, తీసుకెళ్దామని."

"బెయిలు కాగితాలు తెచ్చారా?" అని పకపకా నవ్వాడు. నేనెవరి భార్యనో చెప్పాక నవ్వు ఆపి లోపలికి ఫోన్ చేశాడు.

మా ఆయన తెల్లకోటుతోనే పరుగున వచ్చారు. "నిన్నెవరు రమ్మన్నారు?"

"మీ రిజిస్టరు."

బుట్ట వంక చూశారు. గొంతు తగ్గించి, "విడుదలంటే ఇంజెక్షను. చంపడం అని రాయనివ్వరు మా దగ్గర" అన్నారు.

"అయిపోయిందా?"

"నాలుగింటికి."

మూడున్నరైంది. "ఇంకా అరగంట ఉంది కదండీ. పాపకి మాటిచ్చాను."

"కన్ను తీసి లోపల కూడా చూడాలి. ఒక్కటి తగ్గినా నా ఉద్యోగం పోతుంది."

"గేటు దాకా తెచ్చివ్వండి చాలు, నేను పరిగెడతాను. ఈ లావు ఒంటితో కూడా పరిగెత్తగలను."

ఆయనకి నవ్వొచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. "మనింట్లో గచ్చు తుడిచేది దేంతో అనుకున్నావు?" అని లోపలికి వెళ్ళిపోయారు.

వాచ్‌మన్ తన కుర్చీ నా వైపు జరిపాడు. బుట్ట ఒళ్ళో పెట్టుకుని నాలుగూ పదిదాకా కూర్చున్నాను. లోపలినుంచి చప్పుడేమీ రాలేదు.

ఇంటికొచ్చి పాపకి ఉన్నదున్నట్టు చెప్పాను, చంపేశారని. అది ఏడవలేదు. గోడకి ఆనుకుని అలాగే కూర్చుంది.

రాత్రి ఆయన అన్నానికి కూర్చున్నాక దగ్గరికొచ్చి, "నాన్నా, కుందేలికి చెప్పావా?" అంది.

"ఏం చెప్పాలి తల్లీ?"

"అమ్మ బయటే ఉందని."

ఆయన కలిపిన ముద్ద కంచంలో పెట్టేశారు. పాప జవాబు కోసం అక్కడే నిలబడింది.