నాలుగో గడి

తెల్లరంగు సీసా మూత బిగుసుకుపోయింది. బొమ్మలాయన చొక్కా అంచుతో పట్టి తిప్పాడు, రాలేదు. పంటితో కూడా చూశాడు. బల్లకు అవతల ప్రెస్సు యజమాని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"కానీవయ్యా. అచ్చుకి ఫొటో తీయాలి, మధ్యాహ్నానికల్లా కెమెరాకి పోవాలి."

బల్ల మీదున్నది చిన్నపిల్లల గోడచార్టు. ఇంగ్లీషులో యు, జి అక్షరాలతో ముగిసే మూడక్షరాల మాటలు: జగ్, మగ్, రగ్, హగ్. నాలుగు మాటలకూ నాలుగు గడులు. అర్థం ఎక్కడా రాయరు, బొమ్మే అర్థం. బడిగోడల కోసం ఇలాంటివి గీస్తూనే బొమ్మలాయన జుట్టు నెరిసింది, వేళ్ళు వంకర్లు పోయాయి. ఒక్కదాని మీదా అతని పేరు లేదు.

ఇంట్లో సామానంతా మాత్రం చార్టుల్లోకి ఎక్కేసింది. ప్యాన్ అంటే వాళ్ళ పెనమే. కాట్ అంటే వాళ్ళ మంచమే. మ్యాన్ అంటే అద్దంలో చూసి గీసుకున్న తన మొహమే. ఈ చార్టులో మగ్ కూడా భార్య మంచినీళ్ళు తాగే పింగాణీ మగ్గే. విరిగిపోయిన పిడిని బొమ్మలో అతికించాడు.

"క్యాట్ అని పక్కింటి పిల్లిని గీశావు. దానికున్న యోగం కూడా నాకు లేదు," అని ఆమె ఏళ్ళ తరబడి దెప్పింది.

"నువ్వు మూడక్షరాల్లో ఇమిడితే కదా!"

"ఫ్యాట్ అని రాసి గీయి. ఎవరొద్దన్నారు?"

అప్పట్లో ఆమె బొద్దుగానే ఉండేది. ఇప్పుడు మంచం పట్టి చిక్కి సగమైంది. ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోమన్నాడు డాక్టరు. ఆ మాటకు అర్థం తెలియనంత అమాయకులు కారు ఇద్దరూ. అందుకే పోయిన వారం ఆమెను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, తల దువ్వి, చూసి చూసి మనసులో పెట్టుకుని, ప్రెస్సుకెళ్ళి నాలుగో గడిలో నేరుగా కుంచెతోనే వేశాడు. హగ్ అంటే కౌగిలి. బొమ్మలో అతనిది వీపే కనిపిస్తుంది. భుజం మీంచి ఆమె మొహం నిండుగా కనిపిస్తుంది, జబ్బుకు ముందున్న బుగ్గలతో.

"తెచ్చి చూపించు. నేనెలా ఉన్నానో చూసుకోవాలి," అంది ఆమె. ఈమధ్య నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఈ ఉదయం యజమాని కన్ను సరిగ్గా ఆ గడి మీదే పడింది.

"కౌగిలింతలేంటయ్యా బళ్ళో? మేష్టర్లు నా మొహాన కొడతారు. చెరిపేసి బగ్ పెట్టు. ఆరు కాళ్ళు గీస్తే పురుగు, దానికేం భాగ్యం!"

"అది మా ఆవిడండీ."

"మరీ బాగుంది! మీ ఆవిణ్ణి మీ ఇంట్లో పెట్టుకో."

"పోనీ, పైన కాగితం అతికిస్తానండీ."

"ఫొటోలో అంచు నీడ పడదూ? తెలీనట్టు మాట్లాడతావేం?"

షీటు తీసి అతని మొహాన కొట్టి పోదామనిపించింది. కానీ పేదవాడి కోపం పెదవికి చేటు. ఆ పెదవిదాకా కూడా రానివ్వలేదు బొమ్మలాయన.

మూత ఊడింది. ముందు తన వీపు మీద తెలుపు పూశాడు. తర్వాత ఆమె జుట్టు, నుదురు. కళ్ళ దగ్గర కుంచె ఆగింది. యజమాని గొంతు సవరించుకున్నాడు. కళ్ళు కూడా పోయాయి. అక్షరం మార్చి, తెలుపు ఆరాక దాని మీద గుండ్రటి నల్లపురుగును వేశాడు. పాడు పురుగు, ముచ్చటగా కుదిరింది కూడాను. దాన్ని చూస్తే అతనికి ఒళ్ళు మండిపోయింది.

కెమెరా పని అయ్యాక అసలు షీటుతో ఎవరికీ అవసరం లేదు. సాయంత్రం చుట్టచుట్టి ఇంటికి తెచ్చాడు. ఆమె మెలకువగానే ఉంది.

"తెచ్చావా?"

విప్పి పట్టుకున్నాడు. ఆమె ఒక్కో గడే చూసుకుంటూ వచ్చింది.

"నా మగ్గుకి పిడొచ్చిందే! మరి నేనేదీ?"

అతను పురుగు మీద వేలు పెట్టాడు. "దీని కింద ఉన్నావు. ఆయన వద్దన్నాడు."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను?"

"అంతేలే. ఎప్పుడన్నావు గనక." నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తెరిపిచ్చాక, "ఎదురుగా తగిలించు. కిందున్నా ఉన్నట్టే కదా," అంది.

"రేపు రంగులు ఇంటికి తెచ్చి గీస్తా. నిన్నొక్కదాన్నే, పెద్ద కాగితం మీద."

"రేపు సరే. ఈసారి బుగ్గలు తగ్గించు, జనం నవ్వుతారు."

తెల్లారి ఆమె లేవలేదు.

వచ్చినవాళ్ళు వచ్చారు, తీసుకెళ్ళవలసినదాన్ని తీసుకెళ్ళారు. పొద్దువాలేసరికి ఇంట్లో అతనొక్కడే మిగిలాడు. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. మంచం వచ్చింది. పెనం వచ్చింది. చెయ్యి వాటినే గీస్తోంది తప్ప ఆమె మొహం రావడం లేదు. కళ్ళు మూసుకుంటే పురుగు కనిపిస్తోంది.

చార్టును గోడ మీంచి దింపి ఒళ్ళో పెట్టుకున్నాడు. మంచం పక్కన ఆమె మగ్గు ఉంది, సగం తాగిన నీళ్ళతో. అందులో వేలు ముంచాడు. నీళ్ళరంగు తడిస్తే పైదీ పోతుంది, కిందదీ పోతుంది. బతుకంతా ఆ రంగులతోనే గడిపినవాడికి తెలియదా? తెలుసు. అయినా రుద్దాడు.

పురుగు కాళ్ళు కరిగాయి. తెలుపు పలచబడి, ఒక్క క్షణం ఆమె కనుకొస కనబడింది. అక్కడితో ఆపితే ఆ మాత్రమైనా దక్కేది. ఆపలేక వేలు మగ్గులో కడుక్కుని మళ్ళీ రుద్దాడు, మళ్ళీ కడుక్కుని మళ్ళీ రుద్దాడు. కాగితం చిరిగి, కింద తన లుంగీ కనబడేదాకా రుద్దాడు.

పిడిలేని మగ్గులో నీళ్ళు బూడిదరంగుకు తిరిగి, అడుగున ఆమె బుగ్గల ఎరుపు కొద్దికొద్దిగా పేరుకుంటోంది.