పంజాగుట్ట ఫ్లాటులో పాలు పొంగాయి

ఊరెళ్తున్నామంటే జానకీదేవి సంచిలోకి ముందు ఎక్కేది పోపులపెట్టె. చీరలూ మందులూ ఛార్జర్లూ ఆ తర్వాతే. భర్త బుచ్చిబాబుకి బయటి తిండి పడదు మరి. రెండో పూటకే కడుపు పట్టుకుని కూర్చుంటాడు. అందుకే పెళ్లయిన పాతికేళ్లకి హైదరాబాద్ చూద్దామనుకున్నప్పుడు హోటళ్ల జోలికి పోకుండా, పంజాగుట్టలో వంటిల్లున్న సర్వీస్ అపార్ట్‌మెంటు ఫోన్లో బుక్ చేశాడు. ఇక అప్పట్నించీ ఆవిడకి కాలు ఒకచోట నిలవలేదు. కాకినాడ నుంచి రైల్లో వస్తున్నంతసేపూ ఫోన్లో ఆ ఫ్లాటు ఫొటోలే చూసింది, పక్క సీటావిడకీ చూపించింది.

తీరా వస్తే ఫొటోల్లోకన్నా ఫ్లాటే బాగుంది. అలా ఎక్కడైనా జరుగుతుందా చెప్పండి! ఐదో అంతస్తు, తళతళలాడే తెల్లటి వంటిల్లు, పసుపురంగు సోఫా, బాల్కనీలో నిలబడితే ఎదురుగా మెట్రో రైలు. సొరుగులు లాగి వదిలితే చప్పుడు లేకుండా వాటంతటవే మూసుకుంటున్నాయి. జానకీదేవి ఒక్కో సొరుగునీ మళ్లీ మళ్లీ లాగి చూసింది.

బతుకంతా అద్దె ఇళ్లలోనే గడిచిన మనిషి పాపం. ఎక్కడ చేరినా, ఇరుగుపొరుగు అలవాటయ్యేలోగా ఓనరు గుమ్మంలో నిలబడి ఖాళీ చేయమనేవాడు. కొడుకు పెళ్లని ఒకడు, ఇల్లు పడగొడుతున్నామని ఇంకొకడు. ఇప్పటి ఓనరూ అంతే, నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు. ఇంకో ఇల్లు దొరకనేలేదు. ఈ మూడు రోజులూ ఆ మాట ఎత్తకూడదని మొగుడూ పెళ్లాం రైలెక్కేముందే ఒట్టు పెట్టుకున్నారు.

అయితే చేతులకి అలవాటనేది ఒకటుంటుంది కదా. కొత్త ఇంట్లో అడుగు పెడితే జానకీదేవి ముందు పాలు పొంగించాల్సిందే. కింద కొట్లో ప్యాకెట్టు కొని, గిన్నెకి పసుపు రాసి, కరెంటు పొయ్యి మీద పెట్టేసింది. బుచ్చిబాబు స్నానం చేసి వచ్చేసరికి పాలు తూర్పువైపు పొంగాయి, తడిసిన పొయ్యి కీచుకీచుమని మొత్తుకుంటోంది. మూడు రోజులకి దిగినచోట పాలు పొంగించడమేంటే, మతి గానీ పోయిందా అని ఆయన పడీ పడీ నవ్వాడు. ఆవిడ నాలుక కరుచుకుంది. మిగిలిన పాలతో పరమాన్నం వండేసింది.

మర్నాడు పొద్దున్నకి వంటింటి పక్కన దేవుడిగూడు వచ్చింది. బాల్కనీ కాస్త పెరిగి, చివర తులసికోట వెలిసింది. పొయ్యిగట్టు జానకీదేవి ఎత్తుకి తగ్గట్టు కిందికి దిగింది. ఆవిడ గూట్లో దీపం పెట్టి, ఉప్మాకి ఉల్లిపాయలు తరగడం మొదలెట్టింది. తువాళ్లు ఇవ్వడానికొచ్చిన మేనేజరు మోసెస్ తులసికోట వైపు ఓసారి చూశాడు.

"పాలు పొంగించిండ్రా మేడం?"

"అలవాటుకొద్దీ పొంగించేశాను బాబూ."

"గట్లయితే ఈ ఇల్లు ఇగ మిమ్మల్నే ఇంటోళ్లు అనుకుంటది," అని తువాళ్లు మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రెండు రోజులూ వాళ్ల సంబరం చూడాలి. బల్కంపేట ఎల్లమ్మని దర్శించుకున్నారు. పనేమీ లేకపోయినా మెట్రో ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లొచ్చారు. కాకినాడలో కంప్యూటర్ అకౌంట్స్ పాఠాలు చెప్పుకునే బుచ్చిబాబు మైత్రీవనంలో వరసగా వేలాడే కంప్యూటర్ కోచింగుల బోర్డులు చూసి నోరు తెరిచాడు. ఉండబట్టలేక ఒక ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కితే, వాళ్లు సరదాగా ఒక క్లాసు చెప్పమన్నారు. చెప్పాడు. క్లాసు అయిపోయినా పిల్లలు లేవలేదు. ఎప్పుడొచ్చినా బోర్డు పెన్ను మీ చేతికే ఇస్తాం మాస్టారూ అన్నారట వాళ్లు. అన్నం తింటూ ఆ మాటే ఎన్నిసార్లు చెప్పాడో!

ఆదివారం పదకొండింటికి ఖాళీ చేయాలి. సామాను సర్ది గుమ్మం దాటగానే తలుపు మూసుకుంది. కొత్తగా దిగేవాళ్లు తాళం కార్డు పెడితే ఎర్రలైటు వెలిగింది, మోసెస్ పెట్టినా ఎర్రలైటే. జానకీదేవి ఊరికే అలా చెయ్యి వేసిందో లేదో, తలుపు బార్లా తెరుచుకుంది. మేం వెళ్లాలమ్మా, వచ్చినవాళ్లతో మంచిగా ఉండు అని ఆవిడ గుమ్మాన్ని నిమిరి మరీ బతిమాలింది. వింటేగా! ఆవిడ చెయ్యి తీయగానే మళ్లీ మూసుకుంది.

మోసెస్ వచ్చినవాళ్లకి కింద ఫ్లాటు ఇచ్చి, ఓనరు జీవానందానికి ఫోన్ చేశాడు. ఆయన చర్చి నుంచి అలాగే, చంకలో బైబిలుతో వచ్చి, తన తాళం కూడా వేసి చూశాడు. లాభం లేకపోయింది. పరాయి ఇంటిని తన పొరపాటుతో పాడుచేశానని జానకీదేవికి ఏడుపొక్కటే తక్కువ. తప్పు నాదేనండీ, క్షమించండి అంది.

జీవానందం కారిడార్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఈ బిల్డింగు మోసెస్ ఒక్కడి వల్ల అయితలేదమ్మా," అన్నాడు. "మీరిద్దరూ ఇందులోనే ఉండి జర చూసుకోండి. ఖాళీ చేయకండి."

జానకీదేవికి మొదట అర్థం కాలేదు. ఆ మాట ఏ ఓనరు నోటా ఆవిడ విని ఉండలేదు. బుచ్చిబాబు వైపు చూసింది. ఆయనకి మైత్రీవనం గుర్తొచ్చినట్టుంది, మొహం వెలిగిపోతోంది. పెట్టె మెల్లగా కింద పెట్టేశాడు. అప్పుడు ఆవిడ జీవానందం వైపు తిరిగి, పాతికేళ్లుగా ఏ ఇంట్లోనూ నోరు తెరిచి అడగలేకపోయిన మాట అడిగింది.

"గోడకి మేకు కొట్టుకోవచ్చాండీ?"

ఆయన నవ్వేసి, మోసెస్‌తో సుత్తీ మేకూ తెప్పించాడు. ఆవిడ తలుపు మీద చెయ్యి వేసి, తెరుచుకోగానే హాల్లోకెళ్లి, ఎదుటి గోడ మీద మంచి చోటు చూసి మేకు ఆనించింది. కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు. సుత్తి ఎత్తేలోగానే గోడ మేకుని లోపలికి తీసేసుకుంది.